హుకౌ: పాతికేళ్లు నగరంలో ఉన్నా ఊరి పేరు వదలని చైనా కూలీ

చైనాలో ప్రతి ఇంట్లోనూ బీరువాలో భద్రంగా దాచుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. ముదురు ఎరుపు అట్ట, లోపల మనిషికో పేజీ. మొదటి పేజీ ఇంటి పెద్దది, ఆ తర్వాత భార్యది, పిల్లలది, కలిసి ఉంటే తల్లిదండ్రులది. పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం, చదువు, ఇంటి పెద్దకి వరసకి ఏమవుతారన్న వివరం, అన్నీ అందులో రాసి ఉంటాయి. బిడ్డ పుడితే కొత్త పేజీ చేరుతుంది. పెళ్లి రిజిస్టర్ చేయించుకోవాలంటే 2025 మే దాకా ఈ పుస్తకం పట్టుకెళ్లాల్సిందే. అందుకే పిల్లల పెళ్లి ఇష్టం లేని తల్లిదండ్రులు ఈ పుస్తకాన్ని ఎక్కడో దాచేయడం అక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఈ నమోదు పేరు హుకౌ. గత నలభై ఏళ్ల చైనా ఆర్థిక ప్రగతిని అర్థం చేసుకోవాలంటే ఫ్యాక్టరీలూ రేవులూ చూసే ముందు ఈ పుస్తకం తెరవాలి.

పైకి ఇది మన రేషన్ కార్డు లాంటిదే అనిపిస్తుంది. కానీ పాలమూరు నుంచి ముంబై వెళ్లిన కుటుంబం, ఎన్ని కష్టాలు పడ్డా, పిల్లల్ని అక్కడి మున్సిపల్ బడిలో వేసి అక్కడే టెన్త్ పరీక్ష రాయించొచ్చు, కొన్నాళ్లకి అక్కడే ఓటరుగా నమోదు కావచ్చు. చైనాలో మనిషి పనికోసం ఎక్కడికైనా పోవచ్చు కానీ, అతని పిల్లల చదువు, వైద్యం, పింఛను చాలావరకు హుకౌ ఉన్న ఊరి దగ్గరే ఆగిపోతాయి. నగరం అతని పనిచేసే వయసుని వాడుకుని, చిన్నతనాన్నీ ముసలితనాన్నీ ఊరి ఖాతాలో రాసింది. చైనా సరుకు అంత చవగ్గా తయారవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అందరూ తక్కువగా మాట్లాడుకునేది ఇదే.

ఈ వ్యవస్థ 1958 జనవరిలో చట్టమైంది. అప్పటి ఉద్దేశం సూటిగా ఉంది. సోవియట్ తరహాలో భారీ పరిశ్రమలు కట్టాలి, దానికి నగరాల్లో కార్మికులకి చవగ్గా తిండి పెట్టాలి, ఆ ధాన్యం పల్లెల నుంచి తక్కువ ధరకి సేకరించాలి. పల్లె జనం నగరాలకి వచ్చేస్తే ఈ లెక్క తప్పుతుంది. అందుకే జనాన్ని వ్యవసాయ, వ్యవసాయేతర హుకౌలుగా రెండు ముక్కలు చేశారు. వ్యవసాయేతర హుకౌ ఉన్నవాళ్లకి ధాన్యం కూపన్లు, ఉద్యోగం, ఇల్లు, ఆసుపత్రి. వ్యవసాయ హుకౌ ఉన్నవాళ్లకి కమ్యూన్‌లో, అంటే ఊళ్ల ఉమ్మడి వ్యవసాయంలో పని, పండినదాంట్లో వాటా. కూపన్ లేకుండా పట్నంలో ధాన్యం కొనుక్కునే దారి లేదు కాబట్టి, ఎవరినీ కాపలా పెట్టనక్కర్లేకుండానే జనం ఊళ్లలో ఆగిపోయారు.

ఆ గీత ఎంత క్రూరమైనదో ఏడాది తిరిగేసరికే తేలింది. 1959 నుంచి 1961 దాకా నడిచిన మహా కరువులో కోట్ల మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు పల్లె జనం, అంటే ధాన్యం పండించినవాళ్లే. నగరాల్లో రేషన్ తగ్గింది కానీ ఆగలేదు. పల్లెల్లో సేకరణ కోటా ముందు, తిండి తర్వాత. నగరాల మీద భారం తగ్గించడానికి ఆ తర్వాత దాదాపు 2 కోట్ల మందిని తిరిగి పల్లెలకి పంపేశారు కూడా.

ఇంకో నియమం కూడా చెప్పుకోవాలి. 1998 దాకా బిడ్డకి హుకౌ తల్లి నుంచి వచ్చేది. పట్నం అబ్బాయి పల్లె అమ్మాయిని చేసుకుంటే, పట్నంలోనే పుట్టి పెరిగినా వాళ్ల పిల్లలు కాగితం మీద పల్లెవాళ్లే. పట్నంలో ఉద్యోగం ఉన్న ఏ కుటుంబమైనా పల్లె సంబంధం చేసుకోవడానికి ఎందుకు వెనకాడేదో వేరే చెప్పక్కర్లేదు.

గీత చెరిగిపోవడం పల్లె నుంచే మొదలైంది. 1978 చలికాలంలో ఆన్హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే పేద ఊళ్లో 18 మంది రైతులు ఒక రాత్రి రహస్యంగా చేరి, కమ్యూన్ భూమిని ఇంటింటికీ పంచుకుంటున్నట్టు కాగితం రాసి వేలిముద్రలు వేశారు. ఈ పని బయటపడి ఊరి నాయకులు జైలుకి పోతే, వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు సాకాలని కూడా ఆ కాగితంలో రాసుకున్నారు. అంత భయపడుతూ చేసిన పని కొన్నేళ్లలోనే దేశమంతటా విధానమైంది. ఎవరి పొలం వాళ్లు చేసుకోగానే పంట పెరిగింది, పనికి కావలసిన చేతులు తగ్గాయి. ఆ మిగిలిన చేతులు ముందు ఊరి దగ్గర చిన్న ఫ్యాక్టరీల్లోకి, ఆ తర్వాత 1980లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన షెన్‌జెన్ లాంటి చోట్లకి దారి పట్టాయి.

అక్కడ పుట్టిన మాట నోంగ్‌మిన్‌గోంగ్. నోంగ్‌మిన్ అంటే రైతు, గోంగ్ అంటే పని, కార్మికుడు. పదిహేనేళ్లుగా లేత్ మెషీన్ మీద పనిచేస్తున్న మనిషిని కూడా రైతు-కూలీ అనే పిలుస్తారు. చేసే పనికి ఒక పేరు, పుస్తకంలో రాసిన దానికి ఇంకో పేరు, రెండూ ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024లో ఇలాంటివాళ్లు 29.97 కోట్ల మంది. అందులో దాదాపు 18 కోట్ల మంది సొంత మండలం దాటి బయట పనిచేస్తున్నవాళ్లు.

మొదట్లో నగరంలో ఉండాలంటే తాత్కాలిక నివాస పర్మిట్ కావాలి. బీజింగ్ పొలిమేరల్లోని పీత్సున్ అనే ఊళ్లో వలస కూలీలు తామే 2008లో ఒక మ్యూజియం పెట్టుకుని, 2023లో అది మూతపడేదాకా నడిపారు. అందులో పెట్టిన వస్తువుల్లో ముఖ్యమైనవి ఆ పర్మిట్లే. పుస్తకాల్లా మడిచినవి, ప్లాస్టిక్ అతికించిన కార్డులు, ఒక్కో నగరానిది ఒక్కో రకం. వాటి పక్కనే ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు, జీతం బకాయిల కాగితాలు. పర్మిట్ లేకుండా రోడ్డు మీద దొరికితే పట్టుకుని సొంతూరికి పంపేసే అధికారం పోలీసులకి ఉండేది.

2003 మార్చిలో గ్వాంగ్‌జౌలో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ల గ్రాఫిక్ డిజైనర్ ఆ పర్మిట్ చేతిలో లేక పట్టుబడ్డాడు. మూడు రోజుల్లో నిర్బంధంలోనే, దెబ్బలకి చనిపోయాడు. అతను డిగ్రీ చదివినవాడు, ఉద్యోగం ఉన్నవాడు కాబట్టి పత్రికలు పట్టించుకున్నాయి, ముగ్గురు యువ న్యాయ పండితులు ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని పార్లమెంటుకి అర్జీ పెట్టారు. ఆ జూన్‌లోనే ప్రభుత్వం పట్టుకుని పంపేసే నిబంధనని రద్దు చేసింది. అంతకుముందు ఇరవై ఏళ్లపాటు అదే నిబంధన కింద పట్టుబడ్డ కూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

పోలీసు భయం పోయాక అడ్డుగోడ బడి దగ్గరికి మారింది. చట్టం ప్రకారం వలస కూలీల పిల్లలకి తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య తల్లిదండ్రులు పనిచేసే చోటే అందాలి. 2006లో సవరించిన విద్యా చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. కానీ బీజింగ్‌లో ప్రభుత్వ బడిలో సీటు కావాలంటే ఐదు కాగితాలు చూపించాలని నియమం పెట్టారు: తల్లిదండ్రుల నివాస పర్మిట్, ఇంటి అద్దె పత్రం, ఉద్యోగ పత్రం, హుకౌ పుస్తకం, అన్నిటికన్నా బాధ కలిగించేది ఐదోది, ఊళ్లో ఈ బిడ్డని చూసుకునే దిక్కు లేదని సొంతూరి అధికారులు ఇచ్చే ధ్రువపత్రం. తాతా అమ్మమ్మా ఉన్నారంటే బిడ్డని వాళ్ల దగ్గర వదిలి రావొచ్చు కదా అన్నది దాని వెనక తర్కం. రోజు కూలీకి ఉద్యోగ పత్రం ఎవరిస్తారు? నేలమాళిగలో గది అద్దెకి తీసుకున్నవాడికి రిజిస్టర్డ్ అద్దె పత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవన్నీ దాటినా చివర్లో గావ్‌కావ్ ఉంది, అంటే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. బీజింగ్, షాంఘై లాంటి చోట్ల బయటి హుకౌ పిల్లలకి ఆ పరీక్ష రాసి మామూలు యూనివర్సిటీల్లో చేరే దారి ఇప్పటికీ చాలా ఇరుకు. చాలామంది హుకౌ ఉన్న రాష్ట్రానికి తిరిగి వెళ్లాల్సిందే. అక్కడ సిలబస్ వేరు, పోటీ వేరు. హెనాన్ రాష్ట్రంలో ఏటా 13 లక్షలకు పైగా పిల్లలు ఈ పరీక్ష రాస్తారు, బీజింగ్‌లో రాసేవాళ్లు వేలల్లోనే. పేరున్న యూనివర్సిటీలు రాష్ట్రానికి ఇన్ని సీట్లని విడివిడిగా కేటాయిస్తాయి, అవి ఉన్న నగరం పిల్లలకి అవకాశం ఎక్కువ. బీజింగ్‌లో పుట్టి బీజింగ్‌లో తొమ్మిదో తరగతి దాకా చదివిన బిడ్డ, పదిహేనేళ్ల వయసులో తనకి తెలియని అమ్మమ్మ ఊరికి వెళ్లి హాస్టల్లో చేరే పరిస్థితి ఇందువల్లే వస్తుంది.

చాలామంది తల్లిదండ్రులు అందుకే పిల్లల్ని మొదటి నుంచీ ఊళ్లోనే వదిలేస్తారు. ఈ పిల్లలకి అక్కడ ఒక పేరే ఉంది, లియూషౌ అర్‌తోంగ్, ఊళ్లో కాపలాగా మిగిలిపోయిన పిల్లలని అర్థం. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బయట ఉన్న పల్లె పిల్లలు 6 కోట్లకు పైగా ఉన్నారని 2013లో అఖిల చైనా మహిళా సమాఖ్య అంచనా వేసింది. 2016లో ప్రభుత్వం నిర్వచనం మార్చింది. ఇద్దరూ బయట ఉంటేనో, ఒకరు బయట ఉండి రెండోవారు చూసుకోలేని స్థితిలో ఉంటేనో మాత్రమే లెక్కలోకి తీసుకుంది. సంఖ్య 90 లక్షలకి దిగింది. లెక్క మారినంత మాత్రాన ఇళ్లలో పరిస్థితి మారలేదు. తండ్రి ఏడాదంతా లేని ఇంట్లో, తల్లి ఒక్కతే ముసలివాళ్లనీ పొలాన్నీ చూసుకుంటూ పెంచే బిడ్డ కూడా ఒంటరిగానే పెరుగుతుంది. దాన్ని లెక్కలోంచి తీసేయడం సరైన పని అనిపించదు.

ఈ కుటుంబాలు ఏడాదికోసారి కలుసుకునేది వసంతోత్సవానికి, అంటే చైనా కొత్త సంవత్సరానికి. ఆ 40 రోజుల రద్దీని చున్‌యున్ అంటారు. 2025లో ఆ రోజుల్లో 900 కోట్లకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి. ఎక్కువ శాతం సొంత కార్ల మీద, రైళ్లలోనే 51 కోట్లు. బుల్లెట్ రైళ్లు రాకముందు ఆ ప్రయాణం వేరేలా ఉండేది. ఎర్ర, తెల్ల, నీలం చారల ప్లాస్టిక్ సంచుల్లో బట్టలు, పక్కబట్టలు. చేతిలో ఖాళీ పెయింట్ బకెట్, సగం దూరం అది సామాను డబ్బా, సీటు లేని టికెట్ మీద నిలబడి కాళ్లు పీకినప్పుడు అదే బోర్లించి వేసుకునే పీట. 2008 జనవరిలో మంచు తుఫానుకి దక్షిణాన రైళ్లు ఆగిపోతే గ్వాంగ్‌జౌ స్టేషన్ ముందు లక్షల మంది రోజుల తరబడి వానలో నిలబడ్డారు, సైన్యాన్ని దించాల్సి వచ్చింది. టికెట్ దొరకనివాళ్లు గ్వాంగ్‌డోంగ్ నుంచి గ్వాంగ్షీ దాకా వందల కిలోమీటర్లు భార్యాపిల్లల్ని వెనక ఎక్కించుకుని మోటార్‌సైకిళ్ల మీద పోయేవాళ్లు. ఆ గుంపులకి మోటార్‌సైకిల్ సైన్యం అనే పేరు వచ్చింది.

పండక్కి వెళ్లాలంటే చేతిలో జీతం ఉండాలి. బిల్డింగ్ పనుల్లో నెలనెలా తిండి ఖర్చుకి మాత్రమే ఇచ్చి, మిగతాది ఏడాది చివర్లో ఇస్తానని చెప్పడం చాలాకాలం కాంట్రాక్టర్ల అలవాటు. కంపెనీ కాంట్రాక్టర్‌కి, కాంట్రాక్టర్ సబ్ కాంట్రాక్టర్‌కి, అతను మేస్త్రీకి, ఈ వరసలో ఎక్కడ డబ్బు ఆగినా నష్టపోయేది చివరి మనిషే. 2003 అక్టోబర్‌లో ప్రధాని వెన్ జియాబావో చోంగ్‌చింగ్ దగ్గర ఒక ఊరికి వెళ్లినప్పుడు, ఒక రైతు మహిళ తన భర్తకి రావలసిన 2 వేల పైచిలుకు యువాన్ల కూలీ ఏడాదిగా ఇవ్వలేదని చెప్పుకుంది. ఆ రాత్రికే డబ్బు వచ్చింది. దేశమంతా ఆ వార్త చదివి సంతోషించింది. కానీ ఒక్క ఇంటి కూలీ బకాయి కోసం ప్రధానమంత్రి స్థాయి మనిషి నోరు తెరవాల్సి వచ్చిందంటే, మిగతా ఇళ్ల సంగతి ఏమిటి? వలస కూలీల జీతాలు నెలనెలా బ్యాంకు ఖాతాలో వేయాలన్న ప్రత్యేక నిబంధనలు అమల్లోకి రావడానికి 2020 దాకా పట్టింది.

ఇంత అన్యాయం జరుగుతుంటే హుకౌ ఎత్తేస్తే పోలేదా అని అడగడం సహజం. ఇక్కడే విషయం చిక్కుపడుతుంది, ఎందుకంటే పల్లె హుకౌ వెనక భూమి ఉంది. చైనాలో పల్లె భూమి ఊరి ఉమ్మడి ఆస్తి. ఆ ఊరి మనిషికే కౌలు హక్కూ, ఇంటిస్థలం హక్కూ దక్కుతాయి. ప్రపంచ ఆర్థిక సంక్షోభం దెబ్బకి 2009 మొదట్లో దాదాపు 2 కోట్ల మంది వలస కూలీల ఉద్యోగాలు పోయాయని ప్రభుత్వమే ప్రకటించింది. అన్ని కోట్ల మంది ఒక్కసారిగా పని పోగొట్టుకుంటే ఏ దేశంలోనైనా నగరాల చుట్టూ మురికివాడలు లేస్తాయి, గొడవలు అవుతాయి. వీళ్లు సంచులు సర్దుకుని ఊరికి పోయారు. అక్కడ ఇల్లుంది, కొంచెం వరో మొక్కజొన్నో పండుతుంది, తిండికి లోటుండదు. నిరుద్యోగ భృతి ఇవ్వాల్సిన ప్రభుత్వం బదులు రెండెకరాలు కూడా లేని ఆ పొలం ఆ పని చేసింది.

అందుకే చిన్న పట్టణాలు హుకౌ ఇస్తామని పిలిచినా చాలామంది రైతులు కదలరు. ఉద్యోగాలు లేని పట్టణంలో హుకౌ దొరుకుతుంది, ఉద్యోగాలున్న నగరంలో దొరకదు. 2014లో కాగితం మీద వ్యవసాయ, వ్యవసాయేతర అనే తేడా తీసేశారు, అందరూ నివాసులే అన్నారు. నగరంలో స్థిరపడాలంటే కౌలు భూమి వదులుకోవాలని షరతు పెట్టకూడదని తర్వాత చట్టంలో చేర్చారు. ఇవి మంచి మార్పులే, కాదనలేం. కానీ పెద్ద నగరాలు పాయింట్ల పద్ధతి పెట్టుకున్నాయి. బీజింగ్‌లో ఏడేళ్లు వరసగా సామాజిక బీమా కట్టి ఉండాలి, ఆ పైన చదువుకి, సొంతింటికి, ఉద్యోగానికి పాయింట్లు. 2018లో మొదటి విడతగా హుకౌ ఇచ్చింది 6 వేల మందికి. ఆ నగరంలో బయటి హుకౌతో ఉంటున్నవాళ్లు 80 లక్షలకు పైనే. 2023 చివరికి దేశంలో 66 శాతం జనం పట్నాల్లో ఉంటున్నారు, పట్నం హుకౌ ఉన్నవాళ్లు 48 శాతం. మధ్యలో ఉన్న తేడా దాదాపు 25 కోట్ల మంది మనుషులు.

ఆ 25 కోట్ల మంది ఖర్చు పెట్టడానికి భయపడతారు. జబ్బు చేస్తే, పిల్లవాడి చదువుకి, ముసలితనానికి, అన్నిటికీ తామే దాచుకోవాలి. జనం కొనుగోళ్లు పెంచాలని చైనా ప్రభుత్వం పదేపదే అంటున్నా అనుకున్నంత పెరగకపోవడానికి ఇదొక పెద్ద కారణమని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. నిజానికి ఇందులో పెద్ద ఆర్థిక శాస్త్రం ఏమీ లేదు. రేపటి మీద టెన్షన్ ఉన్న ఇల్లు ఇవాళ కొత్త ఫ్రిజ్ కొనదు.

ఇప్పుడు మొదటి తరం ముసలిదవుతోంది. 2008లో వలస కూలీల సగటు వయసు 34. 2024కి అది 43 దాటింది, 50 దాటినవాళ్లు 30 శాతం పైనే. షెన్‌జెన్ మేడలు కట్టినవాళ్లు, బీజింగ్ మెట్రో తవ్వినవాళ్లు వీళ్లే. ప్రమాదాలు జరుగుతున్నాయని షాంఘైతో సహా కొన్ని చోట్ల 60 దాటిన మగవాళ్లనీ 50 దాటిన ఆడవాళ్లనీ కట్టడం పనుల్లో పెట్టుకోకూడదని నిబంధనలు తెచ్చారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఊళ్లో వాళ్ల కోసం ఉన్న పింఛను ఎంత? పల్లె పింఛనులో కేంద్రం ఇచ్చే కనీస మొత్తం 2025లో పెంచిన తర్వాత నెలకి 143 యువాన్లు, మన లెక్కలో దాదాపు 1,700 రూపాయలు. స్థానిక ప్రభుత్వాలు పైన ఇంకొంత కలిపినా చాలా రాష్ట్రాల్లో అది రెండు మూడు వందల యువాన్లు దాటదు. అదే నగరంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి సగటున 3 వేల యువాన్ల పైనే వస్తుంది. ఇద్దరూ ఒకే బిల్డింగ్‌లో, ఒకరు లోపల కుర్చీలో, ఒకరు బయట పరంజా మీద పనిచేసి ఉండొచ్చు.

బీజింగ్ ఆగ్నేయాన మాజూచ్యావ్ అనే చోట పెద్ద లేబర్ అడ్డా ఉంది. తెల్లవారకముందే అక్కడ జనం చేరతారు. వ్యాన్లలో వచ్చిన మేస్త్రీలు ఎంతమంది కావాలో, ఏ పనికో, రోజుకి ఎంతో అరుస్తారు, కుర్రాళ్లు ముందు ఎక్కేస్తారు. ఆ గుంపులో నల్లరంగు వేసుకున్న జుట్టుతో నిలబడ్డ పెద్దవాళ్లు కనిపిస్తారు. వయసు అడిగితే నాలుగైదేళ్లు తగ్గించి చెబుతారు. మేస్త్రీ మాట నమ్మడు, గుర్తింపు కార్డు చూపించమంటాడు. కార్డు మీద పుట్టిన తేదీ ఉంటుంది, దాని కింద చిరునామా గడిలో పాతికేళ్ల కిందట వదిలి వచ్చిన ఊరి పేరు ఉంటుంది.